అమెరికా మోడర్న్, పోస్ట్‌మోడర్న్ బిల్డింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా చూడటానికి వచ్చిన పెద్దవాళ్లు, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలు, కొత్తగా ఏదో ఒక డౌన్‌టౌన్‌లో ఉద్యోగంలో చేరినవాళ్లు... అందరూ తిప్పితిప్పి ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. 1950ల నుంచి 1990ల దాకా కట్టినవాటి గురించే ఇందులో ఉంటుంది. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బాగుందా, బాగాలేదా అని ఒక్క చూపులో తేల్చేస్తే ఈ బిల్డింగుల దగ్గర చాలా పోగొట్టుకుంటాం. ప్రతిదాని వెనకా ఒక చిక్కు ఉంది, ఆ చిక్కుకి ఎవరో ఆలోచించి ఇచ్చిన జవాబు ఉంది. ఆ జవాబు నచ్చకపోయినా పర్లేదు, తెలుసుకుని చూడాలి.

## వెళ్లే ముందు

మోడర్న్ ఏదో, పోస్ట్‌మోడర్న్ ఏదో చూడగానే ఎలా తెలుస్తుంది?

ముందు పై అంచు చూడండి, తర్వాత గుమ్మం చూడండి. మోడర్న్ బిల్డింగ్ పైన తిన్నగా ఆగిపోతుంది. గోడల మీద అలంకారం ఉండదు. ఉక్కు, గాజు, కాంక్రీటు దేని రూపంలో అది కనబడుతుంది. పోస్ట్‌మోడర్న్ బిల్డింగ్‌లో అయితే కమాను, రోమన్ స్తంభం, త్రికోణపు శిఖరం, రంగురాయి ఇలా పాత కాలం నుంచి తెచ్చుకున్నది ఏదో ఒకటి కావాలనే అందరి కంటా పడేలా పెడతారు.

న్యూయార్క్‌లో ఉంటే ఈ తేడా ఒక్క నడకలో చూడొచ్చు. పార్క్ అవెన్యూ మీద 1958 నాటి సీగ్రమ్ బిల్డింగ్ ఉంది. అక్కడికి కొద్ది నిమిషాల దూరంలో మాడిసన్ అవెన్యూ మీద 1984 నాటి ఏటీ అండ్ టీ బిల్డింగ్ ఉంది. మొదటిది డిజైన్ చేసిన జర్మన్ ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో దగ్గర తోడుగా పనిచేసిన ఫిలిప్ జాన్సనే, రెండోదాన్ని జాన్ బర్గీతో కలిసి డిజైన్ చేశారు. ఒకే మనిషి పాతికేళ్లలో అంత మారారంటే, మారింది ఆయనొక్కరే కాదని అర్థమవుతుంది.

"లెస్ ఈజ్ మోర్" అన్నదెవరు, "లెస్ ఈజ్ ఎ బోర్" అన్నదెవరు?

మొదటిది మీస్ పేరుతో ప్రచారంలో ఉన్న మాట. రెండోది ఫిలడెల్ఫియా ఆర్కిటెక్ట్ రాబర్ట్ వెంచూరి 1966లో దానికి రాసిన జవాబు. అప్పటికే ఆయన ఫిలడెల్ఫియాలోని చెస్ట్‌నట్ హిల్‌లో తన తల్లి వానా వెంచూరికి ఒక చిన్న ఇల్లు కట్టారు. 1964లో పూర్తయిన ఆ ఇంటి ముఖం చిన్నపిల్లలు గీసే ఇంటి బొమ్మలాగే ఉంటుంది, కాకపోతే త్రికోణం నడిమధ్యలో చీలి ఉంటుంది. పోస్ట్‌మోడర్న్ చరిత్ర చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఇక్కడే ఇంకో పేరు కూడా చెప్పాలి. వెంచూరి భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్ ఆయనతో సమానంగా ఆలోచించారు, రాశారు, డిజైన్ చేశారు. 1991లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికంటే పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి మాత్రం ఆయనొక్కరికే ఇచ్చారు. 2013లో హార్వర్డ్ విద్యార్థులు ఆమెకీ గుర్తింపు ఇవ్వాలని వినతిపత్రం పెట్టి వేలమంది సంతకాలు సేకరించినా కమిటీ ఒప్పుకోలేదు. అది అన్యాయమే.

మోడర్న్ ఆర్కిటెక్చర్ 1972లో చచ్చిపోయిందంటారు, నిజమా?

ఆ మాట విమర్శకుడు చార్లెస్ జెంక్స్‌ది. సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్ ఐగో అనే ప్రభుత్వ గృహ సముదాయం ఉండేది. మినోరు యమసాకి డిజైన్ చేసిన 33 బ్లాకులు, ఒక్కోటి 11 అంతస్తులు. 1950ల మధ్యలో కట్టారు, 1972లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ కూల్చివేతని మోడర్నిజం చావుగా జెంక్స్ రాశారు, తేదీతో పాటు నిమిషం కూడా వేసి. నిజానికి ఆయన చెప్పిన జూలైకి ముందే, మార్చిలోనే కూల్చివేత మొదలైంది.

అసలు సంగతి వేరే ఉంది. నిర్వహణ ఖర్చంతా అద్దెల్లోంచే రావాలన్నారు. నగరం నుంచి జనం, ఉద్యోగాలు వెళ్లిపోతుంటే అద్దెలు ఎక్కడివి? లిఫ్టులు పాడైతే బాగుచేయలేదు. జాతి వివక్ష వల్ల వేరే దారిలేని పేద నల్లజాతి కుటుంబాలు అక్కడ మిగిలిపోయాయి. ఇదంతా వదిలేసి బ్లాకుల ఆకారం మీద నేరం మోపడం నాకు సరిగా అనిపించదు. పైగా అదే 1972లో ఫోర్ట్‌వర్త్‌లో లూయీ కాన్ కట్టిన కింబెల్ మ్యూజియం తెరిచారు. చావంటూ ఏమీ జరగలేదు.

వీటిని కట్టినవాళ్లంతా అమెరికాలో పుట్టినవాళ్లేనా?

చాలామంది కాదు. మీస్ 1938లో జర్మనీ నుంచి వచ్చారు. ఐ.ఎం.పే చైనాలో పుట్టి 1935లో చదువు కోసం వచ్చారు. లూయీ కాన్ పసితనంలో ఎస్టోనియా నుంచి వచ్చిన పేద యూదు కుటుంబం పిల్లాడు. యమసాకి సియాటిల్‌లో పుట్టినా తల్లిదండ్రులు జపాన్‌వాళ్లు. చికాగో టవర్ల ఇంజనీరు ఫజ్లూర్ ఖాన్ 1929లో ఢాకాలో పుట్టి, 1952లో స్కాలర్‌షిప్ మీద ఇల్లినాయ్ వచ్చారు.

కాన్‌ మనవాళ్లకి బాగా తెలిసిన పేరే. అహ్మదాబాద్ ఐఐఎం ఆయన డిజైనే. 1974 మార్చిలో ఇండియా నుంచి తిరిగొస్తూ న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో గుండెపోటుతో చనిపోయారు.

## బిల్డింగ్ ముందు నిలబడ్డాక

సీగ్రమ్ బిల్డింగ్ మామూలు గాజు టవరే కదా, దానికంత పేరెందుకు?

అలాంటివి ఇప్పుడు ఊరూరా ఉన్నాయి కాబట్టి మామూలుగా కనిపిస్తుంది. హైటెక్ సిటీలో మనం చూసే గాజు గోడల వంశం కూడా ఇలాంటి టవర్ల నుంచి వచ్చిందే. ముందు మూడు విషయాలు చూడండి. ఒకటి, 38 అంతస్తుల టవర్‌ని రోడ్డుకి ఆనించకుండా వెనక్కి జరిపి, ముందంతా ఖాళీ చౌకు వదిలారు. మాన్‌హాటన్‌లో అంత ఖరీదైన నేల అలా వదిలేయడం అప్పట్లో ఎవరూ ఊహించనిది. రెండు, బయట నిలువునా కనిపించే కంచు కడ్డీలు బరువు మోయవు. ఉక్కు స్తంభాలని మంటల నుంచి కాపాడటానికి కాంక్రీటులో పొదగాలని నిబంధన. లోపలి ఉక్కు కనపడకుండా పోయింది కాబట్టి, ఆ నిర్మాణాన్ని కంటికి చూపించడానికి మీస్ వాటిని బయట పెట్టారు. అంటే అలంకారం వద్దన్న మనిషి చేసిన అలంకారం అది. మూడు, కిటికీ తెరలు పూర్తిగా, సగానికి, లేదా అస్సలు దించకుండా, ఈ మూడు స్థాయుల్లోనే ఆగుతాయి. బయటి నుంచి చూస్తే గజిబిజి ఉండకూడదని అలా చేశారు.

1961లో న్యూయార్క్ నగరం చౌకు వదిలినవాళ్లకి అదనపు అంతస్తులు ఇస్తామని నిబంధన తెచ్చింది. సీగ్రమ్ చౌకు బాగా కుదరడం దానికి ఒక ప్రేరణ. తర్వాత వచ్చిన చాలా చౌకులు మాత్రం గాలి కొట్టే ఉత్త ఖాళీలుగా మిగిలాయి.

బాస్టన్ సిటీ హాల్ ఇంత కరుకుగా ఎందుకు కట్టారు?

1962లో పోటీ పెట్టి ఎంచుకున్న డిజైన్ ఇది. గెలిచిన కాల్‌మన్, మెకినెల్ అప్పటికి పెద్దగా ఏమీ కట్టని ఆర్కిటెక్టులు. 1968లో పూర్తయింది. ప్రభుత్వం ఏ అంతస్తులో ఏం చేస్తుందో బయటికే కనబడాలన్నది వాళ్ల ఆలోచన. జనం రోజూ వచ్చే కౌంటర్లు కింద ఇటుక భాగంలో, మేయరు, కౌన్సిల్ గదులు మధ్యలో ముందుకి పొడుచుకొచ్చిన పెద్ద కాంక్రీటు పెట్టెల్లో, గుమాస్తాల ఆఫీసులు పైన వరుస కిటికీల వెనక. ఇది తెలిశాక చూస్తే ముఖం చదవడానికి వస్తుంది. ముందున్న ఇటుక చౌకు మాత్రం చెట్టూ నీడా లేకుండా చాలా ఏళ్లు జనాన్ని దూరం పెట్టింది. ఈ మధ్యే దాన్ని బాగుచేసి చెట్లు, మెట్లకి ప్రత్యామ్నాయంగా వాలుదారులు పెట్టారు. 2025లో నగరం ఈ బిల్డింగ్‌కి ల్యాండ్‌మార్క్ హోదా, అంటే కాపాడాల్సిన కట్టడమన్న గుర్తింపు, ఇచ్చింది.

కాంక్రీటు అంటేనే నాకు పడదు. నా మనసు మార్చే బిల్డింగ్ ఏదైనా ఉందా?

కాలిఫోర్నియా లా హోయాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్. పోలియో టీకా కనిపెట్టిన జోనాస్ సాల్క్ కోసం కాన్ 1965లో పూర్తిచేసిన పరిశోధనాలయం. మధ్యలో చెట్టు లేని రాతి ముంగిలి, దాని నడుమ సన్నటి నీటి కాలువ, ఎదురుగా పసిఫిక్ సముద్రం. అటూ ఇటూ శాస్త్రవేత్తల చదువు గదులకి టేకు చెక్క కిటికీలు. కాంక్రీటు పక్కన టేకు ఎంత బాగుంటుందో అక్కడే తెలిసింది నాకు. ప్రతి ప్రయోగశాల అంతస్తు మీదా పైపులు, వైర్ల కోసమే ఒక అంతస్తు వదిలారు. అందుకే అరవై ఏళ్లలో సైన్సు ఎంత మారినా గోడలు పగలగొట్టకుండా ల్యాబులు మార్చుకోగలిగారు.

అంత దూరం వెళ్లలేకపోతే వాషింగ్టన్ మెట్రో ఎక్కండి. హ్యారీ వీస్ డిజైన్ చేసిన ఆ స్టేషన్ల కప్పు, గళ్లుగళ్లుగా వంపు తిరిగిన కాంక్రీటే. 2017లో యూనియన్ స్టేషన్ కప్పుకి తెల్లరంగు వేస్తే ఆర్కిటెక్టులు గట్టిగా అభ్యంతరం చెప్పారు.

పోర్ట్‌లాండ్ బిల్డింగ్‌కి ఆ రంగులేంటి, అంత బుల్లి కిటికీలేంటి?

ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్ నగర పాలక సంస్థ తక్కువ బడ్జెట్‌తో పోటీ పెట్టింది. మైకేల్ గ్రేవ్స్ గెలిచారు. 1982లో తెరిచిన ఈ 15 అంతస్తుల బిల్డింగ్, దేశంలో మొదటి పెద్ద పోస్ట్‌మోడర్న్ ఆఫీసు భవనంగా పేరు తెచ్చుకుంది. కింద ఆకుపచ్చ, మధ్యలో మీగడ రంగు, ముందువైపు ఎర్రమట్టి రంగులో స్తంభాల బొమ్మలు. ఖరీదైన రాయికి డబ్బు లేదు, అందుకే రంగుతోనే పని నడిపించారు. చిన్న కిటికీలు కరెంటు ఆదా కోసమన్నారు, కానీ లోపల పనిచేసేవాళ్లకి వెలుతురే లేకుండా పోయింది. నీళ్లు కారాయి. భూకంపాల భయం ఉండేది.

2017 నుంచి 2020 దాకా భారీగా మరమ్మతు చేసి, పాత ముఖం మీద అల్యూమినియం పలకల తొడుగు వేశారు. బిల్డింగ్ బతికింది, లోపల వెలుతురు పెరిగింది. పాత చర్మం కనపడకుండా పోయాక అది అదే బిల్డింగా అన్న వాదన ఇంకా తీరలేదు. నాకైతే కూల్చేయడం కంటే ఇది నయమే అనిపిస్తుంది, కానీ రంగు పూసిన కాంక్రీటుకున్న మెత్తదనం ఆ లోహానికి రాలేదు.

ఏటీ అండ్ టీ బిల్డింగ్ నెత్తి మీద ఆ గుండ్రటి సందు ఏంటి?

పాత ఇంగ్లీషు చెక్క అల్మారాల పైన త్రికోణం మధ్యలో చీలి ఉండేది. అదే ఆకారం 37 అంతస్తుల మీద పెట్టారు. 1979 జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద జాన్సన్ దాని నమూనా పట్టుకుని నిలబడ్డారు. బిల్డింగ్ లేవకముందే దేశమంతా దాని గురించి కొట్టుకుంది. గాజు టవర్ల మధ్య గులాబీ గ్రానైట్, ఏడంతస్తుల ఎత్తు కమాను గుమ్మం.

2017లో కొత్త యజమానులు కింది భాగంలో గ్రానైట్ తీసేసి గాజు పెడతామన్నారు. ఒకప్పుడు దీన్ని వెక్కిరించిన ఆర్కిటెక్టుల వృత్తిలోంచే జనం వీధిలోకొచ్చి అడ్డుకున్నారు. 2018లో నగరం ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించింది. ఇప్పుడు దాన్ని చిరునామా పేరుతో 550 మాడిసన్ అంటున్నారు. వెనక తోటలో ఎవరైనా కూర్చోవచ్చు.

పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తున్నాం. అటువైపు ఏమైనా చూడొచ్చా?

తప్పకుండా. గుడి పెన్ హిల్స్‌లో ఉంది. అక్కడి నుంచి డౌన్‌టౌన్‌కి దిగితే పీపీజీ ప్లేస్ కనిపిస్తుంది. జాన్సన్, బర్గీ కట్టిన ఆరు భవనాలు, 1984. గాజు కంపెనీ తన గాజుతోనే కట్టించుకున్న గోథిక్ కోట ఇది, పైన 231 మొనలు ఉన్నాయి. మబ్బు పట్టిన రోజు నల్లగా, ఎండలో ఆకాశమంతా అద్దంలో దిగినట్టు ఉంటుంది.

రెండూ ఒకేరోజు చూస్తే ఒక ఆలోచన వస్తుంది. గుడి 1970ల్లో కట్టారు, అది కూడా పాత రూపాన్ని కొత్త నేల మీదికి తెచ్చిందే. కానీ గుడికి గోపురం అవసరం, శిల్పశాస్త్రం ఇంకా చేతుల్లో ఉంది. పీపీజీకి గోథిక్ మొనలు జ్ఞాపకం మాత్రమే. పోస్ట్‌మోడర్న్ మీద జరిగిన పెద్ద గొడవంతా ఈ తేడా గురించే.

మేం డాలస్‌లో ఉంటాం. ఇక్కడేమీ లేవా?

చాలా ఉన్నాయి. ఐ.ఎం.పే డిజైన్ చేసిన డాలస్ సిటీ హాల్ 1978లో తెరిచారు. పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతూ ముందుకి వంగి ఉంటుంది, ఆ నీడలో నిలబడితే టెక్సస్ ఎండ తగలదు. పే సంస్థలోనే హెన్రీ కాబ్ డిజైన్ చేసిన ఫౌంటెన్ ప్లేస్ 1986 నాటిది, ప్రతి వైపు నుంచీ వేరే ఆకారంలో కనిపించే 60 అంతస్తుల గాజు పట్టకం. హ్యూస్టన్ వెళ్తే పెన్‌జాయిల్ ప్లేస్ వదలొద్దు. రెండు నల్లటి టవర్ల మధ్య పదడుగుల సందు మాత్రమే ఉంటుంది. కారులో కదులుతుంటే ఆ సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది.

ఓర్లాండో డిస్నీలో హంసలు, డాల్ఫిన్‌లు ఉన్న హోటళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయా?

వస్తాయి. మైకేల్ గ్రేవ్స్ డిజైన్లే, రెండూ 1990లో తెరిచారు. కాలిఫోర్నియా బర్‌బ్యాంక్‌లో ఆయన కట్టిన డిస్నీ ఆఫీసు ముఖాన్ని ఏడుగురు మరుగుజ్జులు స్తంభాలై మోస్తుంటారు.

## లోపాలు, ప్రమాదాల గురించి

బాస్టన్ జాన్ హాంకాక్ టవర్ కిటికీలు నిజంగా రాలి పడ్డాయా?

నిజమే. హెన్రీ కాబ్ డిజైన్ చేసిన 60 అంతస్తుల టవర్ ఇంకా కడుతుండగానే, 1973 జనవరి గాలివానకి అద్దాలు పగిలి పడ్డాయి. ఒక్కోటి 225 కిలోల పైచిలుకు. ఊడిన చోటల్లా ప్లైవుడ్ కొట్టారు. గాలి గట్టిగా వీస్తే పోలీసులు కింద రోడ్లు మూసేవారు. టవర్ ఊగడం వల్లే అద్దాలు పోతున్నాయని చాలామంది అనుకున్నారు. అసలు తప్పు అద్దంలోనే ఉంది. రెండు పొరల గాజుని అంచుల్లో కలిపిన సీసం అతుకు మరీ బిగువుగా ఉంది. ఎండకీ చలికీ గాజు సాగి ముడుచుకునేటప్పుడు ఆ అతుకు ఏమాత్రం సడలదు. ఒత్తిడంతా గాజు మీద పడి పగుళ్లు వచ్చాయి. చివరికి 10,344 అద్దాలూ తీసేసి ఒంటి పొర టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజు పెట్టారు. 1976లో ప్రారంభించారు. ఇంత జరిగినా, ఆ టవర్ పక్కనున్న పాత ట్రినిటీ చర్చిని అద్దంలో పట్టి చూపించే తీరు నాకు బాస్టన్‌లో అన్నిటికంటే ఇష్టం.

సిటీకార్ప్ టవర్ పెద్ద గాలి వస్తే పడిపోయేదట, ఎవరికీ చెప్పలేదట. నిజమేనా?

న్యూయార్క్‌లో ఆ స్థలం మూలన సెయింట్ పీటర్స్ చర్చి ఉండేది. అదే మూలన కొత్త చర్చి కట్టివ్వాలన్న షరతు మీదే చర్చివాళ్లు స్థలం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మూలన స్తంభం పెట్టే వీల్లేదు కాబట్టి, ఇంజనీరు విలియం లెమెస్యూరియర్ 59 అంతస్తుల టవర్‌ని తొమ్మిది అంతస్తుల ఎత్తు స్తంభాల మీద నిలబెట్టి, వాటిని ఒక్కో వైపుకి మధ్యలో పెట్టారు. బరువు ఆ స్తంభాల్లోకి దిగడానికి గోడల్లో పెద్ద ఏటవాలు ఉక్కు కమ్మీలు వేశారు. టవర్ 1977లో పూర్తయింది.

1978లో విద్యార్థుల నుంచి వచ్చిన ప్రశ్నల నేపథ్యంలో ఆయన మూలల మీద ఐమూలగా తగిలే గాలికి లెక్క మళ్లీ వేశారు. కమ్మీల మీద బలం తాననుకున్నదానికంటే బాగా పెరుగుతోంది. అప్పటికే ఖర్చు తగ్గించడానికి వెల్డింగ్ బదులు బోల్టులు వాడారని ఆయనకి తెలిసింది. రెండూ కలిస్తే పెద్ద తుఫానుకి టవర్ నిలవదని తేల్చుకున్నారు. ఆయన యజమానులకి చెప్పారు. ఆగస్టు నుంచి రాత్రిళ్లు, ఉద్యోగులు వెళ్లిపోయాక, అతుకుల మీద రెండంగుళాల ఉక్కు పలకలు వెల్డింగ్ చేశారు. ఆ సెప్టెంబరులో ఎల్లా హరికేన్ తీరం వైపు వచ్చి సముద్రంలోకి మళ్లింది. నగరంలో వార్తాపత్రికల సమ్మె నడుస్తుండటంతో ఎవరూ ఆరా తీయలేదు. 1995 దాకా జనానికి తెలియలేదు.

తప్పు బయటపెట్టినందుకు ఆయన్ని చాలా ఇంజనీరింగ్ పాఠాల్లో మెచ్చుకుంటారు. ఆ మెప్పు సగమే సరి. చుట్టుపక్కల ఇళ్లలో నిద్రపోతున్న వేలమందికి తమ ప్రాణం మీద ఉన్న ప్రమాదం తెలుసుకునే హక్కు ఉంది. అది పదిహేడేళ్లు దాచారు.

చికాగో హాంకాక్ టవర్ మీద ఆ పెద్ద ఎక్స్‌లు డిజైన్ కోసమా?

కాదు, అవే టవర్‌ని నిలబెడుతున్నాయి. ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహం, ఇంజనీరు ఫజ్లూర్ ఖాన్ కలిసి 1969లో పూర్తిచేసిన 100 అంతస్తుల టవర్ అది. గాలిని తట్టుకునే పని బయటి గోడలకే అప్పజెప్పారు. దాంతో ఉక్కు బాగా ఆదా అయింది. తర్వాత 110 అంతస్తుల సియర్స్ టవర్‌కి ఖాన్ తొమ్మిది గొట్టాలని కట్టగా కట్టినట్టు కలిపారు. అందుకే అది పైకి వెళ్తూ మెట్లుమెట్లుగా తగ్గుతుంది.

చికాగోలోనే పాలరాయి టవర్ ఒకటి రాయి మార్చుకుందట?

ఇప్పుడు ఏయాన్ సెంటర్ అంటున్న 83 అంతస్తుల టవర్. ఇటలీ కరారా పాలరాయిని పల్చటి పలకలుగా కోసి తొడిగారు. చికాగో చలికీ ఎండకీ పలకలు వంకర తిరిగాయి. 1990ల మొదట్లో మొత్తం తీసేసి తెల్ల గ్రానైట్ వేశారు.

## కూల్చడం, కాపాడటం

ఇంత పేరున్న బిల్డింగులు ఎందుకు కూలుస్తారు?

సరిగ్గా పాతబడకపోవడమే వీటి కష్టం. వందేళ్ల భవనమంటే జనం ఆగుతారు. నలభై ఏళ్ల భవనానికి కప్పు కారుతుంది, మరమ్మతు ఖర్చు కొండంత ఉంటుంది, చూసేవాళ్లకి పాత ఫ్యాషన్‌లా అనిపిస్తుంది. చికాగోలో బర్‌ట్రాండ్ గోల్డ్‌బర్గ్ 1975లో కట్టిన ప్రెంటిస్ ఆస్పత్రి, పూరేకుల్లా విచ్చుకున్న కాంక్రీటు టవర్, చాలా పోరాటం తర్వాత కూడా నేలమట్టమైంది. న్యూయార్క్ రాష్ట్రం గోషెన్‌లో పాల్ రుడాల్ఫ్ కట్టిన కౌంటీ ఆఫీసులో కొంత భాగం 2015లో కూల్చేశారు. పోస్ట్‌మోడర్న్ బిల్డింగుల వంతు ఇప్పుడొచ్చింది. అందుకే నాకు వీటి గురించే ఎక్కువ టెన్షన్.

ల్యాండ్‌మార్క్ హోదా వస్తే ఇక ఎవరూ ముట్టుకోకూడదా?

ఏ హోదా అన్నదాని మీద ఆధారపడుతుంది. చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టర్‌లో పేరుంటే గౌరవం, కొన్ని పన్ను రాయితీలు వస్తాయి గానీ, సొంత డబ్బుతో పనిచేసే ప్రైవేటు యజమానిని అది ఆపలేదు. నగరం ఇచ్చే హోదాకి పళ్లుంటాయి, ముఖం మార్చాలంటే అనుమతి కావాలి. జాతీయ రిజిస్టర్‌కి మామూలుగా 50 ఏళ్లు నిండాలి. ప్రత్యేక ప్రాముఖ్యం ఉంటే ముందే తీసుకుంటారు, పోర్ట్‌లాండ్ బిల్డింగ్‌కి 2011లోనే ఆ చోటు దక్కింది. న్యూయార్క్ నగరం అయితే 30 ఏళ్లకే పరిశీలిస్తుంది.

టికెట్ లేకుండా లోపలికి వెళ్లి చూడగలిగేవి ఏవి?

వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఐ.ఎం.పే కట్టిన ఈస్ట్ బిల్డింగ్ ఉచితం. బయట కత్తి అంచులా ఉన్న ఒక మూల, అందరూ చేత్తో తడిమి తడిమి నల్లబడింది, అది వెతకండి. కింబెల్ మ్యూజియంలో శాశ్వత సేకరణ ఉచితం. వంపు కప్పు మధ్యలోని సన్నటి చీలిక నుంచి ఎండ దిగి కాంక్రీటు మీద వెండిలా పరుచుకుంటుంది. మేఘాలున్న రోజు కాకుండా చూసుకుని వెళ్లండి. చికాగో హెరాల్డ్ వాషింగ్టన్ లైబ్రరీ (1991) పబ్లిక్ లైబ్రరీయే, పై అంతస్తు అద్దాల కప్పు గది దాకా వెళ్లొచ్చు. అట్లాంటా హయత్ రీజెన్సీలో జాన్ పోర్ట్‌మన్ 1967లో పెట్టిన 22 అంతస్తుల లోపలి ముంగిలి చూడాలంటే లాబీలోకి నడిస్తే చాలు. సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌కి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

పెద్ద సిటీలకి వెళ్లే తీరిక లేదు. ఒకే ఊళ్లో చాలా చూడాలంటే?

ఇండియానాలో కొలంబస్. కమిన్స్ ఇంజన్ల కంపెనీ ఊరు, మన ఇంజనీర్లు చాలామందికి తెలిసిందే. కంపెనీ అధిపతి జె. ఇర్విన్ మిల్లర్ 1950ల్లో ఒక మాటిచ్చారు: ఊళ్లో బడి లాంటివి కట్టేటప్పుడు మంచి ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుంటే వాళ్ల ఫీజు కంపెనీ ఫౌండేషన్ ఇస్తుంది. ఫలితంగా ఈరో సారినెన్ చర్చి (1964), ఐ.ఎం.పే లైబ్రరీ (1969), వెంచూరి కట్టిన నాలుగో నంబరు ఫైర్ స్టేషన్ అన్నీ ఒక చిన్న ఊళ్లోనే ఉన్నాయి. లైబ్రరీ ముందు శిల్పి హెన్రీ మూర్ చేసిన కంచు కమాను ఉంటుంది, పిల్లలు దాని కింద నుంచి పరిగెడుతుంటారు. విజిటర్ సెంటర్ నుంచి బస్సు టూరు ఉంది. మిల్లర్ సొంత ఇల్లు చూడాలంటే మాత్రం టూరు టికెట్ ముందే తీసుకోండి, సీట్లు తక్కువ.